ఏదీ బయటికి పోనివ్వని వాడు

మా ఇంట్లోకి ఎవరైనా రావచ్చు, ఏదైనా తేవచ్చు. పోయేటప్పుడే చిక్కు.

ఈ సంగతి మాకు తెలియడానికి నాలుగు రోజులు పట్టింది, అదీ గ్యాస్ బండ తెచ్చినతని పుణ్యాన. అతను నిండు బండ భుజాన పెట్టుకుని గేటు దాటి వస్తుంటే, నీడలో పడుకున్న మా కొత్త కుక్క ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది. వంటింట్లో బండ దించి ఖాళీది పట్టుకుని అతను వెనక్కి తిరిగేసరికి అదే కుక్క గేటుకు అడ్డంగా నిలబడి ఉంది. మొరగలేదు, పళ్లు చూపలేదు. అతను కుడికి జరిగితే కుడికి జరిగింది, ఎడమకు జరిగితే ఎడమకు జరిగింది.

"ఏమంటాంది అక్కా ఇది?" అన్నాడతను.

"నాకేమెరుక, దాన్నే అడుగు" అన్నాను.

చివరికి అతను ఖాళీ బండ అక్కడే దించేసి ఉత్త చేతులతో కదిలాడు. కుక్క మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చింది, తోక కూడా రెండుసార్లు ఊపింది. ఆ బండ ఐదు రోజులు మా వాకిట్లోనే ఉంది.

మాది కొత్తవాడ, నేతగాళ్లుండే వాడ. ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు, వాటి మీద నేనూ మా ఆయనా జంపఖానాలు నేస్తాం. మా అత్తమ్మ కూర్చుని కండెలు చుడుతుంది, చుడుతూ మా ఇద్దరి మీదా తీర్పులు చెబుతుంది. ఆ ఏడు రెండుసార్లు మా నూలు కట్టలు పోయాయి. కుక్కను తెద్దామన్నది మా ఆయనే. ఆయన ఉద్దేశం ఏ వీధి కుక్కపిల్లో. నేను ఫోన్‌లో ఫోటో చూసి మాస్టిఫ్ జాతి కుక్కను ఒప్పుకుని వచ్చాను. ఆపదలో ఉన్న జంతువులను చేరదీసేవాళ్లు పెట్టిన ఫోటో అది. కోడెదూడంత ఒళ్లు, నుదుటి నిండా ముడతలు. ఎవరో లెక్క అడిగితే జవాబు ఆలోచిస్తున్నట్టు ఉంది ముఖం. ఏం ఆలోచిస్తున్నాడో తెలుసుకోవాలనిపించింది, అంతే. నాకిదొక రోగం. ఎందుకు అన్నది తేలకపోతే అన్నం సహించదు. మా అమ్మ నన్ను చిన్నప్పుడు 'ఎందుకమ్మా' అనే పిలిచేది.

వాణ్ణి ఆటో ట్రాలీలో తెచ్చి దించిన రోజు అత్తమ్మ వాకిట్లోకి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి చూసి అన్నది: "కుక్కను తెమ్మంటె బర్రెను తెచ్చినవేందే."

వాడు మత్తులో ఉన్నాడు. వెంట వచ్చిన పశువుల డాక్టరమ్మ, చిన్న వయసు పిల్లే, నన్ను పక్కన కూర్చోబెట్టి విషయం చెప్పింది. ఏదో మూతపడ్డ గోదాము దగ్గర దొరికాడట. పిల్లగా ఉన్నప్పుడు మెడకు చుట్టిన ఇనుప గొలుసు వాడు పెరిగినా మార్చలేదు, మాంసంలోకి దిగిపోయింది. గొలుసైతే కోసి తీశారు, పైన పుండు మానుతోంది.

"పైన మానుతాంది గని, లోపల చీముగడ్డ ఉంది ఆంటీ. గొంతు దిక్కు పెరుగుతాంది. పదిహేను రోజులల్ల దవాఖానకు తీస్కరావాలె, ఆపరేషన్ చేస్తం. ఆలస్యమైతె ఊపిరి ఆడదు."

"దానికేం, ఇట్లనే మత్తు ఇచ్చి తీస్కపోదురు గద" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. వీడు బండి ఎక్కడు, ఉన్న చోటి నుంచి కదలడు, అందుకే ఇప్పటికే రెండుసార్లు మత్తు ఇవ్వాల్సి వచ్చిందట. రెండోసారి గుండె ఎంత మెల్లగా కొట్టుకుందో చెబుతుంటే ఆ పిల్ల కళ్లలో ఇంకా ఆ భయం ఉంది. ఇంత పెద్ద జాతులకు గుండె అంత గట్టిది కాదట. మూడోసారి మత్తు ఇస్తే దవాఖాన బల్ల మీదే ఇవ్వాలి, పక్కన మిషన్లు ఉండాలి.

"మీరు అలవాటు చేసుకోని నడిపించుకుంట తీస్కరండి. అంతే చాలు."

అంతే చాలు అన్న మాట ఎంత తేలికగా అన్నదో. వారం తిరిగేసరికి ఆ మాట తలచుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. వాడు మా గేటు దాటడు. తాడు కట్టి లాగితే కూర్చుంటాడు, కూర్చుంటే బండరాయే. గేటు అవతల మటన్ బొక్క పెట్టాను. లాలాజలం ధార కట్టింది గానీ కాలు కదల్లేదు. వీధి కుక్క వచ్చి వాడి కళ్ల ముందే దాన్ని ఎత్తుకుపోయింది. నుదుటి ముడతలు ఇంకొంచెం దగ్గరయ్యాయి, అంతకంటే ఏమీ లేదు. రోడ్డంటే భయమేమో అనుకున్నాను. భయపడేవాడు గేటు తెరిచి ఉంటే లోపలికి పోయి నక్కాలి కదా. వీడు సరిగ్గా గేటు గీత దగ్గరే, ఇవతలే పడుకునేవాడు.

ఇటు వాడు పోడు, అటు వస్తువులనూ పోనివ్వడు. గ్యాస్ బండను ఆపడం చూసిన మధ్యాహ్నమే నేను పరీక్షలు మొదలుపెట్టాను. ఉత్త చేతులతో బయటికి పోయాను, ఊరుకున్నాడు. చెంబు పట్టుకుని పోయాను, లేచాడు. చెంబు కొంగు కింద దాచాను, కొంగు వాసన చూసి కాళ్లకు అడ్డంగా కూర్చున్నాడు. మా ఆయన చెప్పులు వేసుకుని పోతే ఏమీ అనలేదు, చేతిలో పట్టుకుని పోతే ఆపాడు. కూరగాయలామె వాకిట్లో గంప దించి, మాకు వంకాయలు ఇచ్చి, మళ్లీ గంప ఎత్తుకుంటే ఆమెనూ ఆపాడు. తెచ్చింది ఆమే అయినా సరే, మా నేలను ఒకసారి తాకిందంటే అది ఇంటి సొమ్మే. ఆమె అరగంట సేపు మా అత్తమ్మతో పాటు కండెలు చుట్టి, చివరికి మా వెనక గోడ మీది నుంచి గంప అందుకుని పోయింది.

మా ఆయన కూడా జంపఖానాల కట్టలను అదే గోడ మీది నుంచి పక్కింటివాళ్ల పెరట్లోకి విసిరి, తాను ముందు నుంచి చుట్టూ తిరిగిపోయి ఎత్తుకునేవాడు.

"దొంగలు రావద్దని కుక్కను తెస్తె మనల్నే దొంగలను చేసింది. దవాఖానకు తీస్కపోయిన్నాడు అక్కన్నే ఇడిచిపెట్టిరా" అన్నాడు.

"తీస్కపోను చాతనైతె గద ఇడిచిపెట్టేది" అని అరిచాను. ఆయన మీద అరవాల్సింది కాదు, కానీ నాకు అరవడానికి ఇంకెవరున్నారు.

ఎనిమిదో రోజు మా బుర్రలకు ఒక ఉపాయం తట్టింది. నేతపని వాళ్ల బుర్రలకు జంపఖానా తప్ప ఏం తడుతుంది. వాణ్ణి జంపఖానా మీద పడుకోబెట్టి, నాలుగు మూలలా నలుగురు పట్టుకుని ఆటోలో పెట్టడం. మా దగ్గర నేసిన వాటిలో గట్టిది తీసి పరిచాను, ఇద్దరు పెళ్లికొడుకులను మోసినా చిరగనిది. వాడు సంతోషంగా వచ్చి దాని నడుమ పడుకున్నాడు. వీధిలో మరో ముగ్గురు నేతగాళ్లను పిలిచాం. నలుగురూ ఎత్తారు. గేటు రెండడుగుల దూరంలో ఉండగా వాడికి అర్థమైంది. ఒక్క దూకు దూకి, తిరిగి వచ్చి, కింద పడ్డ జంపఖానా మీదికి ఎక్కి నాలుగు కాళ్లూ ఊని నిలబడ్డాడు. మొదటిసారి గొంతులోంచి గుర్రుమన్న శబ్దం వచ్చింది. మెడ మీద మానుతున్న పుండు చిట్లి రక్తం కారింది. నలుగురు మగాళ్లూ నన్ను చూశారు. వద్దు వదిలేయండి అన్నాను. ఆ సాయంత్రం పుండు కడుగుతూ గడ్డ తడిమి చూశాను. వచ్చిన నాటికి నిమ్మకాయంత ఉన్నది జామకాయంత అయింది. వాడు పడుకున్నప్పుడు ఊపిరిలో చిన్న ఈల వినిపిస్తోంది. నాకు నిజంగా భయం వేసింది.

అత్తమ్మకు మాత్రం కారణం ఎప్పుడో తెలిసిపోయింది. "దిష్టి. గింత పెద్ద పానం, సూసినోళ్లంత నోరు తెరుస్తాండ్రు. తగలకేం జేస్తది."

మరునాడు పొద్దున్నే ఉప్పూ ఎండు మిరపకాయలూ పిడికిట పట్టుకుని వాడి చుట్టూ మూడుసార్లు తిప్పింది. వాడు బుద్ధిగా కూర్చుని ముక్కు పైకెత్తి ఆ పిడికిలినే చూస్తున్నాడు. ఎన్నాళ్లకో సొంతవాళ్లు ఎదురైనట్టు ఆ ముఖం కొంచెం విప్పారింది. తిప్పడం అయ్యాక మూడు బాటల దగ్గర పారేద్దామని అత్తమ్మ గేటు వైపు నడిచింది. వాడు లేచి అడ్డం పోయాడు. పిడికిలిలో మూతి పెట్టి వాసన చూశాడు, తర్వాత ఆమె కాలి మీద కూర్చున్నాడు. కోడెదూడ కాలి మీద కూర్చుంటే డెబ్బై దాటిన మనిషి ఏం చేస్తుంది. నేను వచ్చి బెల్లం ముక్క చూపించి లేపేదాకా ఆమె అక్కడే నిలబడి వాడి ఏడు తరాలను తిట్టింది.

"పొయ్యిల ఏస్త తియ్" అని చివరికి మిరపకాయలను నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు. అబ్బ, ఏం ఘాటు. ముగ్గురం దగ్గి దగ్గి వాకిట్లో పడ్డాం. దిష్టి లేదని తేలిపోయిందని అత్తమ్మకు దుఃఖం, కళ్ల నీళ్లు మాత్రం పొగవి. వాడొక్కడే పొగలో నిలబడి హాయిగా గాలి పీలుస్తున్నాడు. ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు.

నా దగ్గు ఆగక ముందే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "వీడు దొరికిన గోదాము మిర్చిదా బిడ్డా?"

"అవునాంటీ, ఎనుమాముల మార్కెట్ల. చెప్పలేదా నేను?"

చెప్పలేదు తల్లీ, అనుకుని చీర మార్చుకుని బయలుదేరాను.

ఎనుమాముల మార్కెట్ అంత పెద్దదానిలో ఒక మూతపడ్డ గోదాము కోసం వెతకడం కష్టమే. కానీ పెద్ద కుక్క అనేసరికి చాయ్ దుకాణం దగ్గరే నలుగురు చెప్పారు. అదే దుకాణం బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. నలభై ఏళ్లు హమాలీ పని చేసి మోకాళ్లు పోయినవాడు. తలకు తువ్వాల, ఎర్రబడ్డ కళ్లు.

"బతికున్నడా?" అన్నాడు ముందు. "సచ్చిపోయిండనుకున్న బిడ్డా. నా చేతి అన్నం తిన్నడు వాడు, ఇంతంత పిల్లప్పటి సంది."

"బతికున్నడు కాకా. గని ఇంట్ల నుంచి చెంబు కూడ బయటికి పోనిస్తలేడు."

ఆయన నవ్వాడు. "లెక్క చెప్పకుంట ఎట్ల పోనిస్తడు?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆయన నిదానంగా, నేనేదో చిన్నపిల్లనైనట్టు చెప్పాడు. "గోదాముకు గేటు ఉండె. సరుకు లోపలికి వస్తె వానికి ఫికర్ లేదు. బయటికి పొయ్యేటప్పుడు నేను గేటు కాడ నిలబడాలె. ఒక్కొక్క బస్తా మీద చెయ్యి వెట్టి లెక్క చెప్పాలె. లాభం, రెండు, మూడు, అట్ల. చెయ్యి వెట్టని బస్తా గేటు దాటిందనుకో, దెబ్బలు వానికి. గట్లనే పెంచిండ్రు. ఎన్ని దెబ్బలు తిన్నడో."

మా వైపు వడ్లు కొలిచినా బస్తాలు ఎత్తినా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా అమ్మ చేట్లో బియ్యం కొలిచేటప్పుడు కూడా అట్లాగే మొదలుపెట్టేది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. మా వాకిట్లో అది ఎవరూ అనలేదన్న ఆలోచన నాకు ఎట్లా వస్తుంది.

"మరి గోదాము మూసిన్నాడు వాడిని ఎందుకు వదిలేసిండ్రు కాకా?" అని అడిగాను.

ఆయన తువ్వాల తీసి మోకాలి మీద వేసుకున్నాడు. "ఆఖరు బస్తా దాక నేనే లెక్క చెప్పిన. అందరం బయటికొచ్చినం. సేటు వాన్ని అక్కన్నే ఉంచుమన్నడు. నాకు మనసొప్పలె. గుంజకున్న కట్టు ఇప్పి, గేటు బార్లా తీసి, రారా ఇంటికి పోదాం అన్న. గేటు కాడ కూసున్నడు. బుదరకిచ్చిన, బతిమాలిన. అన్నం చూపెట్టిన. మూడు దినాలు పోయి పిలిచిన, రాలె. గన్నేండ్లు నా చేతన్నం తిని నా ఎంబడి రాకపాయె గద అని కోపమొచ్చింది బిడ్డా. మల్ల పోలె." ఫోన్ నంబరు ఇచ్చి, వాడి సంగతి చెప్పమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన జంపఖానాల కట్ట భుజాన వేసుకుని వెనక గోడ వైపు పోతున్నాడు. ముందుకు రమ్మన్నాను. గేటు దగ్గర వాడు లేచి నిలబడ్డాడు. నేను కట్ట మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, "లాభం" అన్నాను.

వాడు నా చెయ్యి చూశాడు, కట్ట చూశాడు. పక్కకు జరిగి, పెద్దగా నిట్టూర్చి, ముందు కాళ్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఇన్నాళ్లకు ఈ ఇంట్లో ఒకరికి పని తెలిసిందన్నట్టు ఉంది ఆ నిట్టూర్పు. మా ఆయన రోడ్డు మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తున్నాడు, నోరు తెరిచే ఉంది. ఆ రోజు గ్యాస్ బండ గేటు దాటింది, మా ఇంట్లో చిక్కుకుపోయిన పక్కింటివాళ్ల గిన్నెలూ దాటాయి. మా ఆయనకు ఉత్సాహం పట్టలేక చెత్తబుట్ట మీద కూడా చెయ్యి పెట్టి లెక్క చెప్పాడు. విడిచిపెట్టి రమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు.

వస్తువుల సంగతి తేలింది. వాడి సంగతి తేలలేదు. తాడు పట్టుకుంటే మళ్లీ అదే కథ, గేటు దగ్గర కూర్చోవడం. వాడి భయం వేరు, వాడి డ్యూటీ వేరు అనుకున్నాను. అంత తెలివి నాది. పద్నాలుగో రోజుకు ఈల పెద్దదైంది, నీళ్లు మింగడానికి కూడా మెడ చాపాల్సి వస్తోంది. డాక్టరమ్మ ఫోన్‌లో, "రేపు ఎట్లనన్న తీస్కరండి. లేకపోతె అక్కడికే వచ్చి మత్తు ఇస్తం, తర్వాత గుండె సంగతి నేనేం చెప్పలేను" అన్నది.

పొద్దున ఆటో ట్రాలీ వచ్చి నిలబడింది. నేను బతిమాలాను, లాగాను, చివరికి తిట్టాను. "నీకేం రోగంరా, సావాలనుందా నీకు" అని గట్టిగా అరిచి, తాడు పారేసి గేటు పక్కన కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. వాడు నా మోకాలికి మూతి ఆనించి ఈల వేస్తూ ఊపిరి తీస్తున్నాడు.

మా ఆయన వాడి సామాను ఆటోలోకి చేర్చడం మొదలుపెట్టాడు. ఎట్లాగైనా తీసుకుపోతామన్న మొండితనం కాబోలు. వాడి కింద పరిచే జంపఖానా తెచ్చాడు. కూర్చున్నచోటి నుంచే దాని మీద చెయ్యి పెట్టి "లాభం" అన్నాను. వాడి అన్నం గిన్నె తెచ్చాడు. "రెండు" అన్నాను. వాడి కళ్లు నా చెయ్యి వెంటే తిరుగుతున్నాయి. జంపఖానా పోతుంటే జంపఖానాను చూడలేదు, గిన్నె పోతుంటే గిన్నెను చూడలేదు. నా చెయ్యినే చూస్తున్నాడు. గిన్నె పోయాక కూడా చూస్తూనే ఉన్నాడు.

ఆ చెయ్యి అట్లాగే వాడి వీపు మీద పెట్టాను. "మూడు" అన్నాను.

వాడు లేచాడు. గేటు గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు బయట పెట్టి, రోడ్డు దాటి, ఆటోలోకి ఎక్కి జంపఖానా మీద కూర్చున్నాడు. తాడు నేల మీద ఈడ్చుకుంటూ పోయింది, పట్టుకోవాలన్న ధ్యాస కూడా నాకు లేదు. అత్తమ్మ కండె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ తీసేశారు, గుండె తట్టుకుంది. సాయంత్రం దవాఖాన వరండాలో కూర్చుని ఎనుమాముల పెద్దాయనకు ఫోన్ చేశాను. సంతోషపడతాడని మొత్తం చెప్పాను. జంపఖానా, గిన్నె, తర్వాత వాడి వీపు మీద నా చెయ్యి, మూడు అనడం, వాడు లేచి బయటికి పోవడం.

ఫోన్ తెగిందేమో అనుకుని "కాకా" అన్నాను.

"ఉన్న బిడ్డా" అన్నాడు. "మూడు దినాలు పిలిచిన. ఒక్కసారి వాని మీద చెయ్యి వెట్టి లెక్క చెప్తె వస్తుండె గద."